కళాశాలకు వెళ్ళు పిల్లలకు ల్యాప్‌టాప్ కొనుట ఎట్లు?

షోలాపూరులో తువ్వాళ్ళు నేయు ఇండ్లలోను, సేలములో పట్టుపంచెలు నేయు ఇండ్లలోను, దొడ్డబళ్ళాపురము, బరంపురము, యానాములందలి మనవారి ఇండ్లలోను నేడు ఒక క్రొత్త ఖర్చు ప్రవేశించినది. కుమారుడో కుమార్తెయో కళాశాలలో చేరగానే ల్యాప్‌టాప్ కావలెనని అడుగుదురు. ఇది విలాసవస్తువని త్రోసివేయుటకు వీలులేదు. పాఠములు, అభ్యాసములు, పరీక్షల దరఖాస్తులు, ఉద్యోగ పరీక్షలు అన్నియు నేడు దాని మీదుగానే జరుగుచున్నవి. అయితే ఈ వస్తువు వెల ఒక నేత కుటుంబమునకు కొన్ని నెలల మజూరీతో సమానము. పెక్కుమంది సావుకారు వద్ద ముందుగా సొమ్ము తీసికొని, దుకాణము వాడు చూపినదానిని కొనివేయుచున్నారు. రెండేండ్లకే ఆ యంత్రము మొరాయించును. యంత్రము చెడినను అప్పు చెడదు. కనుక కొనుటకు ముందు తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులను ఈ పాఠములో వివరించుచున్నాము.

ఈ యంత్రమును చూచి మనవారు జంకనక్కరలేదు. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరములో జోసెఫ్ మరీ జకార్డ్ తన మగ్గమును నిర్మించెను. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అను ఈ రెండు మాటలతోనే అంచుమీది హంసలు, నెమళ్ళు, మామిడిపిందెలు అన్నియు పుట్టుచున్నవి. ఇంగ్లాండులో ఛార్లెస్ బాబేజి 1830 తరువాత తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే స్వీకరించెను. 1890 అమెరికా జనాభా లెక్కలు రంధ్రములు గల అట్టలతోనే లెక్కింపబడినవి. నేటి కంప్యూటరు లోపల జరుగు పని కూడ ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే. జకార్డు అట్టలు కుట్టిన చేతులకు ఈ విషయము క్రొత్తది కాదు.

1. ఏ గుడ్డకు ఏ మగ్గము?

తువ్వాలు నేయుటకు పట్టుచీర మగ్గము ఎవరును వేయరు. ల్యాప్‌టాప్ విషయములోను మొదట అడుగవలసిన ప్రశ్న "ఏది మంచిది?" అనునది కాదు, "ఏ చదువునకు?" అనునది. చేరిన కళాశాలలో పై తరగతి విద్యార్థులను గాని, అధ్యాపకులను గాని కలిసి, ఏయే సాఫ్ట్‌వేరు వాడుదురో కాగితముపై వ్రాయించుకొనవలెను.

బి.ఏ., బి.కాం., నర్సింగు మొదలగు చదువులకు వ్రాత, లెక్కల పట్టికలు, ఇంటర్నెట్టు, పాఠముల వీడియోలు ముఖ్యము. వీటికి సాధారణమైన యంత్రము చాలును. బి.కాం. వారు టాలీ నేర్చుకొందురు. టాలీ విండోస్ మీద పనిచేయునది. కావున ధర తక్కువని క్రోమ్‌బుక్ కొన్నచో టాలీని అందులో వేసికొనుటకు వీలుండదు.

బి.సి.ఏ., కంప్యూటరు సైన్సు వారికి మెమొరీ ఎక్కువ కావలెను. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు మొదటి సంవత్సరములలో సాధారణముగా అవసరముండదు.

మెకానికల్, సివిల్ ఇంజనీరింగు వారు యంత్రములు, కట్టడముల నమూనాలు గీయుదురు. సాలిడ్‌వర్క్స్ వంటివి విండోస్ మీద మాత్రమే నడచును. బరువైన నమూనాలకు గ్రాఫిక్స్ కార్డు కూడ ఉపకరించును. ఇట్టి విద్యార్థికి ఖరీదైన మ్యాక్‌బుక్ కొనియిచ్చుట పొరపాటగును.

వస్త్ర డిజైను, ఫ్యాషన్ చదువువారికి తెర ముఖ్యము. రంగు తప్పుగా చూపు తెరమీద డిజైను వేసినచో, అద్దకమునకు వెళ్ళిన తరువాత నెమలికంఠము వేరొక రంగుగా తేలును. వీరు తెర వివరములలో "ఎస్.ఆర్.జి.బి. 100 శాతము" అని ఉన్నదో లేదో చూడవలెను.

2. చూడవలసిన నాలుగు భాగములు

ప్రాసెసరు: ఇది నేతగాని చేయి వంటిది, పని వేగము దీనిమీద ఆధారపడును. "ఐ5 అండి, చాలా మంచిది" అని దుకాణములో చెప్పుదురు. అంతమాత్రము చాలదు. నూలు చిలప మీద నెంబరు చూడకుండ మనము కొనము గదా! ఇక్కడను నెంబరు చూడవలెను. ఉదాహరణకు ఇంటెల్ ఐ5-1235యు అనుదానిలో 12 అనునది పన్నెండవ తరమును తెలుపును. చివరి "యు" తక్కువ విద్యుత్తు వాడునదని గుర్తు. "హెచ్" ఉన్నచో వేగము ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ త్వరగా తరుగును. ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 7520యు 2022లో వచ్చినది. కాని ఆ నెంబరులోని మూడవ అంకె 2, లోపలి నిర్మాణము 2019 నాటి జెన్ 2 అని తెలుపుచున్నది. అది పనికిరానిదని కాదు, బి.కాం. విద్యార్థికి సరిపోవును. అయితే క్రొత్త సరుకు వెల పెట్టి పాత నిర్మాణమును కొనరాదు.

ర్యామ్ అను మెమొరీ: ఇది మగ్గపు వెడల్పు వంటిది. చేయి ఎంత వేగముగా ఆడినను మగ్గపు వెడల్పును మించి గుడ్డ రాదు. నేడు 8 జి.బి. కనీసము. ఇంజనీరింగు, కంప్యూటరు, డిజైను చదువులకు 16 జి.బి. ఉండుట మేలు. 4 జి.బి. యంత్రమును ఎంత చవుకగా ఇచ్చినను తీసికొనరాదు.

నిలువ స్థలము: పాత పద్ధతి హార్డ్ డిస్కు, క్రొత్త పద్ధతి ఎస్.ఎస్.డి. అని రెండు రకములు. హార్డ్ డిస్కు ఊరి చివర గోదాము వంటిది. కావలసినది తెచ్చుకొనుటకు ఆలస్యమగును. ఎస్.ఎస్.డి. మగ్గము ప్రక్కనే ఉన్న బీరువా వంటిది. తప్పక ఎస్.ఎస్.డి. ఉన్నదే తీసికొనవలెను. 512 జి.బి. సరిపోవును, బొత్తిగా సొమ్ము చాలనివారు 256తో సరిపెట్టుకొనవచ్చును.

తెర: 14 లేక 15.6 అంగుళములది. 1920 పెట్టు 1080 చుక్కలు, ఐ.పి.ఎస్. రకము అయినచో కండ్లకు హాయి. రోజూ బస్సులో వెళ్ళు పిల్లలకు ఒకటిన్నర కిలోల లోపు బరువైనది మేలు. ఆటల కొరకు తయారైన యంత్రములు సాధారణముగా రెండు కిలోలు దాటును. బ్యాటరీయు త్వరగా తరుగును. పిల్లవాడు అట్టిది కోరినచో, చదువునకు అవసరమా, ఆటకు అవసరమా అని శాంతముగా అడుగవలెను.

బ్యాటరీ బలమును వాట్-అవర్లలో చెప్పుదురు. యంత్రము గంటకు 8 నుండి 10 వాట్-అవర్లు వాడినచో, 50 వాట్-అవర్ల బ్యాటరీ 5, 6 గంటలు వచ్చును. "రోజంతా వచ్చును" అను ప్రకటన కంటె ఈ లెక్క నమ్మదగినది.

3. తరువాత మార్చుటకు వీలులేనివి

మగ్గమునకు పన్నె మార్చవచ్చును, అచ్చు మార్చవచ్చును. గుంట చిన్నదైనచో మగ్గమంతయు తీయవలసి వచ్చును. ఇక్కడను అంతే. ప్రాసెసరును, తెర రకమును తరువాత మార్చుట కుదరదు. కనుక ఉన్న సొమ్ము మొదట వీటిమీద పెట్టవలెను. ఎస్.ఎస్.డి.ని చాలా యంత్రములలో తరువాత పెద్దది వేయించుకొనవచ్చును. మెమొరీ మాత్రము కొన్నింటిలో పలకకే అతికి ఉండును. కొన్నింటిలో అదనముగా వేసికొనుటకు ఖాళీ చోటు ఉండును. "మెమొరీ పెంచుటకు వీలున్నదా? ఎంతవరకు?" అని అడిగి తెలిసికొనవలెను. వీలున్నచో నేడు 8 జి.బి. కొని, చేతిలో సొమ్ము ఆడినప్పుడు 16 చేయవచ్చును. వీలు లేనిచో మొదటనే 16 తీసికొనుట మేలు.

విండోస్ వేసి ఇచ్చుచున్నారా లేదా అనియు అడుగవలెను. వ్రాతకు, పట్టికలకు లిబ్రె ఆఫీసు అను సాఫ్ట్‌వేరు ఉచితముగా దొరకును. దొంగ ప్రతులు వేయించుకొన్నచో వాటితోపాటు వైరసులు రావచ్చును.

4. వాడిన యంత్రము కొనవచ్చునా?

కొనవచ్చును, జాగ్రత్తగా. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14తో సాధారణ రక్షణ సవరణలు ఆపివేసిరి. విండోస్ 11 అధికారికముగా నడచుటకు ఇంటెల్ అయినచో ఎనిమిదవ తరము లేక ఆ పైది కావలెను, టి.పి.ఎం. 2.0 అను భద్రతాంగము కూడ ఉండవలెను. అంతకు పాతదానిని "విండోస్ 11 వేసి ఇచ్చెదము" అని అమ్మజూపినను వదలివేయుట క్షేమము. బ్యాటరీ ఎంతసేపు వచ్చునో దుకాణములోనే ఒక గంట నడిపి చూడవలెను. మీటలన్నియు నొక్కి, కెమెరా, స్పీకరు, మూత కీలు పరీక్షించవలెను. బిల్లు లేని సరుకు ఎంత చవుకైనను వద్దు. అది దొంగసొత్తు కావచ్చును.

5. సొమ్ము లెక్క

వెలను మాత్రమే చూడక, అది ఎన్ని నెలలు పనిచేయునో చూడవలెను. 30,000 రూపాయల యంత్రము రెండేండ్లకు చాలక మార్చవలసి వచ్చినచో నెలకు 1,250 రూపాయలు పడినట్లు. 45,000 రూపాయలది నాలుగేండ్ల చదువు అంతయు నిలిచినచో నెలకు 940 రూపాయల లోపే. అట్లని 90,000 పెట్టుటయు తగదు, బి.కాం. చదువునకు అంత యంత్రముతో పనిలేదు.

"వడ్డీ లేని వాయిదాలు" అను మాటను పరిశీలించవలెను. ప్రాసెసింగు రుసుము, వడ్డీ భాగముపై జి.ఎస్.టి. సాధారణముగా కొనువానిమీదనే పడును. రొక్కమిచ్చినచో ఎంత తగ్గింతురో అడిగి, రెండు లెక్కలు ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను.

సావుకారు వద్ద ముందుసొమ్ము తీసికొనుటకు ముందు బ్యాంకును అడుగుడు. భారతీయ బ్యాంకుల సంఘము వారి నమూనా విద్యాఋణ పథకములో, చదువు పూర్తిచేయుటకు అవసరమైన కంప్యూటరు వెలను కూడ ఋణములో చేర్చుటకు వీలున్నది. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడుగరు. చదువుకాలము, ఆపైన ఒక సంవత్సరము వాయిదాలు కట్టనక్కరలేదు; వడ్డీ మాత్రము ఆ కాలమునకును లెక్కకు వచ్చును. కళాశాల ఫీజునకు ఋణము తీసికొను వారు దరఖాస్తులోనే ల్యాప్‌టాప్ ధర కాగితమును జతపరచవలెను. బ్యాంకు అప్పు బ్యాంకుకే బాకీ. సావుకారు ముందుసొమ్ము అట్లు కాదు, మజూరీ పెంచుమని అడుగు నోరును అది కట్టివేయును.

తమిళనాడులోని మనవారు మరొకటి గమనించవలెను. ఆ ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకము ప్రారంభించినది. 2025 బడ్జెట్టులో, రెండేండ్లలో 20 లక్షల కళాశాల విద్యార్థులకు ల్యాప్‌టాప్ గాని ట్యాబ్లెట్టు గాని ఇచ్చెదమని ప్రకటించినది. తమ పిల్లల కళాశాలకు వర్తించునో లేదో కార్యాలయములో కనుగొని, తరువాతనే కొనవలెను. ఇతర రాష్ట్రముల వారును ఇట్టి సహాయము కలదేమో మొదట విచారించుట మంచిది.

6. కొనునాడు, కొన్న తరువాత

మరమ్మతు కేంద్రము మీ ఊరికి ఎంత దూరములో ఉన్నదో కొనుటకు ముందే తెలిసికొనవలెను. యానాము వారికి కాకినాడలో కేంద్రమున్న కంపెనీ సరుకు మేలు. దూరపు నగరమునకు పోవలసి వచ్చినచో రెండు దినముల కూలి పోవును. బిల్లుమీది సీరియల్ నెంబరు, పెట్టెమీది నెంబరు, యంత్రము అడుగున ఉన్న నెంబరు మూడును ఒకటిగా ఉండవలెను. బిల్లును ఫోటో తీసి దాచుకొనవలెను.

మగ్గాల ఇంటిలో ఈ యంత్రమునకు పెద్ద శత్రువు నూలు పీచు. లోపలి వేడిని బయటకు త్రోయు చిన్న ఫ్యాను ఉండును. గాలిలో తేలు దూది ఆ రంధ్రములలో చేరినచో వేడి నిలిచిపోయి, వేగము తగ్గి, భాగములు త్వరగా పాడగును. కనుక మగ్గము గదిలోను, రాట్నము ప్రక్కను దానిని తెరువరాదు. పరుపుమీద గాక చెక్క బల్లమీద పెట్టి వాడవలెను. సంవత్సరమునకు ఒకసారి ఫ్యాను శుభ్రము చేయించవలెను. మరమగ్గములు నడచు ఇండ్లలో కరెంటు ఒత్తిడి ఎక్కువతక్కువలగును గనుక సర్జి రక్షణ గల ప్లగ్గు బోర్డు వాడుట క్షేమము.

చివరగా ఒక మాట. మన పిల్లలు కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా, ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. ఇంట తెలుగు మాట్లాడినను తెలుగు వ్రాయుట పెక్కుమందికి రాదు. విండోస్‌లో తెలుగు కీబోర్డును అదనపు ఖర్చు లేకుండ చేర్చుకొనవచ్చును. కొన్ననాడే దానిని చేర్పించి, ఇంటి పెద్దలకు వారానికొక ఉత్తరము తెలుగులో వ్రాయించవలెను.

పై సంగతులను ఒక చీటీపై ఇట్లు వ్రాసికొని దుకాణమునకు వెళ్ళుడు: చదువు ఏది? ప్రాసెసరు నెంబరు ఏది? మెమొరీ ఎంత, పెంచుటకు వీలున్నదా? ఎస్.ఎస్.డి. ఎంత? తెర ఏ రకము? బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు? మరమ్మతు ఎక్కడ? రొక్కపు వెల ఎంత? ఈ ఎనిమిదింటికి జవాబు చెప్పలేని దుకాణమునుండి తిరిగివచ్చుటకు మొగమాటపడరాదు. సొమ్ము మీది, అది మగ్గముమీద ఒక్కొక్క పోగుగా కూడినది.