రాగి రేకు, తాటాకు, గంటం

మీ పాఠ్యపుస్తకాన్ని ఎప్పుడైనా తూచి చూశారా? పావు కిలోయో, అరకిలోయో ఉంటుంది. ఇప్పుడు మరొక పుస్తకాన్ని ఊహించండి. దాని పుటలు రాగి రేకులు. కుట్టుదారానికి బదులు లావుపాటి లోహపు కడియం. అట్టమీది బొమ్మకు బదులు ఆ కడియానికి అమర్చిన రాజముద్ర. ఇటువంటి పుస్తకాలను మన తెలుగుదేశంలో వెయ్యేళ్లకు పైగా తయారుచేశారు. వీటినే తామ్రశాసనాలు అంటారు.

తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాల విద్యార్థులకు ఇవి పరాయి వస్తువులు కావు. ఏలూరుకు దగ్గరలో ఉన్న పెదవేగియే ఒకనాటి వేంగీపురం. అక్కడ మొదట శాలంకాయనులు, తరువాత తూర్పు చాళుక్యులు పాలించారు. శాలంకాయన రాజు విజయనందివర్మ వేంగీపురం నుంచి ఇచ్చిన ఒక తామ్రశాసనానికి చరిత్రకారులు కొల్లేరు శాసనమనే పేరు పెట్టారు. పదిహేను వందల ఏళ్లు దాటినా దాని అక్షరాలను పండితులు చదవగలిగారు.

రాజు ఒక కుటుంబానికి భూమి దానం చేస్తే, ఆ రేకులే ఆ కుటుంబానికి హక్కుపత్రం. రేకులు పోతే పొలం పోయినట్లే. మనుమలు, మునిమనుమలు వచ్చేవరకు అక్షరం చెడకూడదు. ఎవరూ నడుమ ఒక పుట తీసివేయకూడదు, దొంగపుట చేర్చకూడదు. ఈ రెండు చిక్కులను లోహపు పనివాడు ఎలా పరిష్కరించాడో చూద్దాం.

రాగి ఎందుకు?

ఇనుము చవక గదా, దానిమీద ఎందుకు వ్రాయలేదు? గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఇనుమును త్రుప్పు పట్టిస్తాయి. ఆ త్రుప్పు పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఊడిన చోట లోపలి ఇనుము బయటపడి మళ్లీ త్రుప్పు పడుతుంది. చివరికి రేకు పొడి అయిపోతుంది. రాగి అలా కాదు. అది మొదట నల్లబడుతుంది. తరువాత తేమ, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌ల ప్రభావంతో దానిమీద పచ్చని పొర ఏర్పడుతుంది. ఈ పొర చాలావరకు రాగిని అంటిపెట్టుకొని ఉండి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. కొల్లేటి చుట్టుపక్కల వంటి తడి నేలల్లో ఈ గుణం ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

బంగారం ఇంకా మంచిది. కాని బంగారు శాసనాన్ని చదవడానికి ముందే కరిగించేవారు ఉంటారు! నిజానికి రాగి రేకులకూ ఈ ప్రమాదం తప్పలేదు. అక్షరం విలువ తెలియనివారి చేతిలో పడి పాత్రలుగా మారిన రేకులు ఎన్నో ఉండవచ్చు.

సుత్తి దెబ్బకు ఏమవుతుంది?

రాగి లోపల అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాలు ఉంటాయి. వాటిలో పరమాణువులు పొరలుగా పేర్చినట్లు అమరి ఉంటాయి. సుత్తి దెబ్బ తగిలినప్పుడు ఆ పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. అందుచేతనే రాగి పగలక సాగుతుంది. కాని జారేకొద్దీ ఆ అమరికలో చిక్కులు పడతాయి. ఒకచోటి చిక్కు మరొకచోటి జారుడును అడ్డుకుంటుంది. రేకు గట్టిపడుతుంది. ఇంకా కొడితే అంచులు చీలుతాయి.

అప్పుడు పనివాడు సుత్తి పక్కన పెట్టి రేకును నిప్పులలో ఎర్రగా కాల్చుతాడు. రాగి కరగడానికి 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మెత్తబడడానికి అందులో సగం చాలు. ఆ వేడిలో చిక్కులు లేని కొత్త స్ఫటికాలు పుడతాయి. రేకు మళ్లీ మెత్తబడి సుత్తికి లొంగుతుంది. కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం - పుట సరైన మందానికి వచ్చేవరకు ఇదే వరుస.

ఇక్కడ ఒక వింత ఉంది. ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది. రాగిని అలాగే ముంచినా మెత్తగానే ఉంటుంది. ఉక్కులో ఇనుముతోపాటు కార్బన్ ఉంటుంది. హఠాత్తుగా చల్లారినప్పుడు ఆ కార్బన్ బయటికి పోలేక ఇనుప స్ఫటికాలలో ఇరుక్కుపోతుంది. అందువల్ల ఉక్కు బిగుసుకుంటుంది. రాగిలో అటువంటి మార్పు జరుగదు. ఈ తేడాయే చెక్కేవాడికి వరం. పుట మెత్తగా ఉండాలి, ఉలి గట్టిగా ఉండాలి. గీసే వస్తువు, గీయించుకొనే వస్తువుకంటే గట్టిదై ఉండాలి గదా!

గట్టు, కడియం, ముద్ర

రేకులను ఒకదానిమీద ఒకటి పెడితే రాపిడికి అక్షరాలు అరిగిపోవా? అందుకని చాలా శాసనాలలో రేకు అంచులను పొలం గట్టులాగా కొద్దిగా ఎత్తుగా మలిచారు. అంచులే ఒకదానికొకటి తగులుతాయి, అక్షరాలు తగులవు. మొదటి రేకు పైభాగాన్ని, చివరి రేకు వెలుపలి భాగాన్ని తరచుగా ఖాళీగా వదిలేవారు. అవే ఈ పుస్తకానికి అట్టలు.

రేకులన్నిటికీ ఒకేచోట రంధ్రం వేసి కడియం దూర్చేవారు. కడియం రెండు కొనలను ముద్రలో కలిపి బిగించేవారు. తూర్పు చాళుక్యుల ముద్రమీద వరాహం బొమ్మ, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు కనిపిస్తాయి. పుట మార్చాలంటే కడియం కోయాలి. కోస్తే మోసం బయటపడుతుంది. నేటి పత్రాలకు లక్కముద్ర వేయడంలో ఉన్న ఉపాయం ఇదే.

తప్పు పడితే ఏం చేసేవారు? ఆ చోటును సుత్తితో అణచి, దానిమీద మళ్లీ చెక్కేవారు. అణచిన పాత అక్షరాల జాడలు కొన్ని రేకులమీద ఇప్పటికీ కనబడతాయి.

కవి ఒకరు, చేయి మరొకరిది

రాజరాజనరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనాన్ని రచించిన కవి నన్నయభట్టు. మహాభారతాన్ని తెలుగులో ఆరంభించిన ఆ నన్నయే. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. అదే శాసనం చివర ఇంకొక పేరు కూడా ఉంది: లేఖకుడు గండాచార్యుడు. కవి పలుకులను రేకుమీద అక్షరాలుగా నిలిపినవాడు ఆయన. ఆ చేయి తడబడి ఉంటే నన్నయ శ్లోకాలు మనదాకా తప్పులతో వచ్చేవి.

తిరుమలలో తాళ్లపాక కవుల సంకీర్తనలున్న రాగిరేకులు రెండు వేలకు పైగా దొరికాయి. నేటి అచ్చు సంపుటాలలోనూ పాట పక్కన రేకు సంఖ్య వేస్తారు. పాడేవారు మారినా, అచ్చు మారినా, రేకు సంఖ్య మాత్రం అలాగే ఉంది.

తాటాకు పుస్తకం

రాగి ఖరీదైనది. అందుచేత కావ్యాలు, వైద్యం, జ్యోతిషం, లెక్కలు వంటివి ఎక్కువగా తాటాకులమీదనే వ్రాసుకున్నారు. పేరులోనే 'తాడి' వినిపించే తాడేపల్లిగూడెం వైపు తాటిచెట్లకు కొదువ ఏముంది? లేత ఆకులను కోసి, ఈనెలు తీసి, ఒకే కొలతకు కత్తిరిస్తారు. నీటిలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, బరువు కింద పెట్టి చదును చేస్తారు. పసుపు కూడా వాడతారు. అది పురుగును దూరంగా ఉంచుతుందని నమ్మకం. తరువాత గంటం అనే ఇనుప మొనతో అక్షరాలను గీస్తారు. అప్పటికి గీతలు సరిగా కనిపించవు. దీపపు మసిని నూనెలో కలిపి ఆకంతా రుద్ది, గుడ్డతో తుడుస్తారు. నున్నని పైభాగం నుంచి మసి పోతుంది. గీతలలో చిక్కుకున్నది మాత్రం నిలిచి నల్లని అక్షరమవుతుంది.

తాటాకు నారలు పొడవునా ఉంటాయి. ఆ దిక్కున తిన్నగా, గట్టిగా గీస్తే ఆకు చీలవచ్చు. దక్షిణాది లిపులు గుండ్రపడడానికి ఇది ఒక కారణమని పలువురు భావిస్తారు.

కాని ఆకు పురుగుకు ఆహారం, చెమ్మకు లోకువ. కొన్ని తరాలకొకసారి ఎవరో ఒకరు కూర్చుండి పాతప్రతిని కొత్త ఆకులమీద ఎక్కించాలి. అలా ఎక్కించేవారు లేనప్పుడు ఆ గ్రంథం అంతరించిపోతుంది. 19వ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ పండితులను నియమించి తాళపత్రాలను కాగితంమీదికి ఎక్కించింది ఇందుకే.

రోజూ కొంచెం

జనగామ జిల్లా పెంబర్తిలో నేటికీ ఇత్తడి, రాగి రేకులమీద నగిషీ చెక్కుతారు. వారిని గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. లోహం ఎప్పుడు గట్టిపడిందో చెప్పే యంత్రం వారివద్ద లేదు. సుత్తి దెబ్బ మోతలోని తేడా చెవికి తెలుస్తుంది, ఎగిరిపడే తీరు చేతికి తెలుస్తుంది. ఆ తెలివి పుస్తకం చదివితే రాదు, ఒక్క సెలవురోజంతా కష్టపడినా రాదు. రోజూ కొంచెం చేస్తేనే వస్తుంది. సంగీతం, చేతివ్రాత కూడా అంతే గదా!

మీరు చేసి చూడండి

1. వాడకంలో లేని, దేనికీ తగిలించని రాగి తీగ ముక్కను తీసుకోండి. లావుపాటి ఒంటిపోగు తీగ అయితే మంచిది. పైనున్న ప్లాస్టిక్‌ను కాల్చకుండా ఒలిచివేయండి. తీగను ఒకేచోట ఇటూ అటూ వంచుతూ లెక్కపెట్టండి. మొదట సులభంగా వంగిన తీగ క్రమంగా మొండికేస్తుంది, చివరికి విరుగుతుంది. ఇంకొక ముక్కను సగం వంపులయ్యాక ఆపి, పెద్దల ఎదుట పట్టకారుతో పట్టుకొని మంటలో ఎర్రగా కాల్చి, నీటిలో ముంచండి. మళ్లీ వంచి చూడండి. మొత్తం ఎన్ని వంపులు వచ్చాయి? ఎందుకు?

2. తాటాకు నుంచి జానెడు పొడవుగల ఎనిమిది ముక్కలు కోసి, ఉడికించి, ఆరబెట్టండి. వృత్తలేఖిని ముల్లుతో రోజుకు ఒక్క ఆకుమీద నాలుగు పంక్తులు వ్రాయండి. ఆనాటి వాన, చెరువులో నీటిమట్టం, మీరు చూసిన పక్షి - ఏదైనా సరే. మసి, నూనె రుద్ది తుడవండి. ఎనిమిదవ నాటికి రంధ్రం వేసి దారం కట్టి, పైన కింద రెండు చెక్కపలకలు పెట్టండి. మొదటి ఆకును, చివరి ఆకును పక్కపక్కన ఉంచి చూడండి. మీ చేయి ఎంత మారిందో మీకే తెలుస్తుంది.

పాత లేఖకులు గ్రంథం చివర సంవత్సరం, తిథి, తమ పేరు వ్రాసుకొనేవారు. మీ ఎనిమిదవ ఆకుమీద కూడా తేదీ వేసి, పేరు వ్రాయడం మరువకండి.