బట్టకు పట్టించిన మందు ఎంతవరకు కాపాడుతుంది?



ఈ మధ్య వార్డుకు వచ్చే బంధువులు కొత్త దుప్పటి ప్యాకెట్టో, తువ్వాలో చూపించి, "సిస్టరమ్మా, దీనిమీద యాంటీబాక్టీరియల్ అని రాసి ఉంది, ఆపరేషన్ అయిన మనిషికి ఇదే కొనమంటారా?" అని అడుగుతున్నారు. మామూలు దుప్పటి కంటే దాని ధర ఎక్కువ. అప్పు చేసి ఆసుపత్రికి వచ్చినవారు కూడా కొంటున్నారు కనుక ఈసారి ఆ సంగతే రాస్తున్నాను.

నూలు బట్ట చెమట పీలుస్తుంది. ఆ తడికి మన ఒంటి వేడి, రాలిన చర్మపు పొట్టు తోడైతే సూక్ష్మక్రిములు బాగా పెరుగుతాయి. మాసిన బట్ట వాసన వాటి వల్లనే. అందుకని మిల్లులో బట్టను మందు కలిపిన నీటిలో ముంచి, రోలర్ల మధ్య పిండి, వేడిమీద ఆరబెట్టి ఆ మందును దారాలకు పట్టిస్తారు. వెండిని ఎక్కువగా వాడతారు. తడి తగిలినప్పుడు వెండి కొద్దికొద్దిగా కరిగి క్రిమి పైపొరను, లోపలి ఎంజైములను పాడుచేస్తుంది. వెండికి ఈ గుణం ఉందని వైద్యులకు ఎప్పుడో తెలుసు. కాలిన గాయాలకు రాసే తెల్లని సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము 1960లలోనే వచ్చింది. క్వాటర్నరీ అమ్మోనియం అనే మరో జాతి మందులు దారానికే అంటుకుని ఉండి, తమను తాకిన క్రిమి పొరను చీలుస్తాయి.

చిక్కు ఉతకడంలో వస్తుంది. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ట్రాయ్ బెన్, పాల్ వెస్టర్‌హాఫ్ అనేవారు వెండి పట్టించిన సాక్సులను నీళ్లలో జాడించి పరీక్షించారు. కొన్ని రకాల్లో నాలుగు జాడింపులకే వెండి దాదాపు అంతా నీళ్లలోకి పోయింది, కొన్నింటిలో నిలిచింది. ప్యాకెట్టు చూసి ఏది ఏ రకమో మనం చెప్పలేం. ఇక మన చాకిరేవు బండమీద బాదితే ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో మీరే ఆలోచించండి! ట్రైక్లోసాన్ అనే మరో మందు సంగతి చూడండి. అది మామూలు సబ్బు నీళ్ల కంటే మేలని తయారీదారులు రుజువు చూపలేకపోవడంతో, 2016లో అమెరికా ప్రభుత్వం ఇళ్లలో వాడే చేతి సబ్బుల్లో దానిని నిషేధించింది.

లేవీయకాండము 13వ అధ్యాయంలో బట్టమీద పొడ కనిపిస్తే యాజకుడు దానిని ఏడు దినాలు వేరుగా ఉంచి, ఉతికించి, మరల ఏడు దినాలు ఉంచి చూసేవాడు. పొడ మారకపోతే కాల్పించేవాడు. వేరుచేయడం, ఉతకడం నేటికీ మా వార్డు పద్ధతే. డిశ్చార్జి అయినవారికి శుభ్రమైన పాత నూలు దుప్పటి చాలు. వేడి నీళ్లు, సబ్బుతో ఉతికి మంచి ఎండలో పూర్తిగా ఆరవేయండి. కుట్లమీద మాత్రం ఏ తువ్వాలూ కప్పవద్దు, మందు పట్టించినదైనా సరే. మేము కట్టే వెండి డ్రెస్సింగు వేరు, అది స్టెరైల్ చేసినది, ఎవరికి కావాలో డాక్టరుగారు నిర్ణయిస్తారు.

తడి బట్ట విషయం ఒకటి చెప్పాలి. తడిసిన నూలు గౌను గుండా క్రిములు ఇవతలికి వచ్చేస్తాయని 1952లో బెక్, కొలెట్ అనేవారు చూపించారు. అందుకే థియేటరులో నీరు దిగని గౌన్లు వచ్చాయి. ఇంటి దగ్గర కూడా గాయం కట్టు తడిస్తే రేపటిదాకా ఆగకుండా మార్పించుకోండి.

నన్నడిగితే, మందు పట్టించిన బట్టల్లో డబ్బుకు తగిన మేలు చేసేది దోమతెర. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ పల్లెల్లో ప్రభుత్వం పంచినవి ఈ తరహావే. వీటిలో కొన్నింటికి డెల్టామెత్రిన్ పూత పూస్తారు, కొన్నింటిలో పెర్మెత్రిన్‌ను దారంలోనే కలుపుతారు. వాలిన దోమ చస్తుంది కనుక చిన్న చిరుగు పడినా కొంత రక్షణ ఉంటుంది. సుమారు 20 ఉతుకులు, మూడేళ్లు పనిచేసేలా వీటిని తయారుచేస్తారు. గర్భిణులు, పసిబిడ్డలు నిర్భయంగా దీనికింద పడుకోవచ్చు. కొందరు దీనిని చేపలు పట్టడానికి, కోళ్లగంపమీద కప్పడానికి వాడుతున్నారు, ఇంట్లో బిడ్డకు మలేరియా జ్వరం వస్తోంది. కొత్తది విప్పాక ఒకరోజు నీడలో ఆరవేసి వాడండి. మాసినప్పుడు మామూలు సబ్బు, చన్నీళ్లతో మెల్లగా ఉతకండి. బ్లీచింగు వద్దు, బండకు కొట్టవద్దు, ఎండలో వేయవద్దు. ఆ నీళ్లు చేపలకు విషం కనుక చెరువులో, వాగులో ఉతకకుండా ఇంటి దగ్గరే తొట్టిలో ఉతికి, నీళ్లను బావికి దూరంగా గుంటలో పారబోయండి.