దారిలో కట్టు, పూటకూళ్ల యింట పరామర్శ

పాఠ్యభాగము: లూకా 10:30–37



సమరయుడు రెండు పనులు చేసెను. దారిలో గాయములు కట్టెను. పూటకూళ్ల యింట మరునాటివరకు కనిపెట్టుకొని యుండెను. మనము మొదటి పనినే ఎక్కువగా బోధించుచున్నాము.

యుద్ధభూమిలో మెడిక్ అనబడు సైనిక వైద్య సహాయకునిది మొదటి పని. రక్తము ఆపి, ఊపిరాడునట్లు చేసి, గాయపడినవానిని వెనుకకు పంపును. తరువాత అతడేమాయెనో తరచుగా తెలియదు.

ఐ.సి.యు. నర్సుది రెండవ పని. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వ్యాపించినప్పుడు వైద్య విద్యార్థులు వంతులవారీగా చేతితో సంచి నొక్కుచు రోగులకు ఊపిరి అందించిరి. 1953లో డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ అక్కడ ఐ.సి.యు. ప్రారంభించెను. గంటగంటకు కనిపెట్టుటయే దాని ప్రాణము.

సైన్యము విడిచిన మెడిక్ ఈ పనికి రావలెనంటే ధైర్యమొక్కటే చాలదు. నర్సింగు చదివి, రిజిస్ట్రేషను పొందవలెను. 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయము నలుగురు మాజీ నౌకాదళ మెడిక్‌లను, నర్సులుగా కాక, వైద్యుల సహాయకులుగా తర్ఫీదు చేయుటకు చేర్చుకొనెను. వారి అనుభవమును గౌరవించిరి. అయినను చదువు తప్పలేదు.

మన సంఘములో అట్టి యౌవనస్థుడున్నయెడల, "ఈ వయస్సులో మరల బడియా?" అని నవ్వకుడి. సమరయుని రెండు దేనారములవలె అతని ఫీజుకు తోడుపడుడి. చూచిన మరణములు రాత్రివేళ అతని బాధింపవచ్చును. అతనికిని ఒక పూటకూళ్ల యిల్లు కావలెను.

ఆలోచించుడి:
1. మన సహాయము దారిలోనే ఆగిపోవుచున్నదా?
2. సేవచేసి అలసినవారిని ఎవరు పరామర్శించుచున్నారు?