పంచారామాలకు పెద్దవాళ్లను తీసుకెళ్తున్నారా? ముందు వాళ్ల పాదాలు చూడండి

కార్తీకం వస్తే గోదావరి జిల్లాలు కిటకిటలాడతాయి. పంచారామాల్లో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు ఇక్కడే ఉన్నాయి కదా. పైగా 2027లో గోదావరి పుష్కరాలు. షుగర్ ఉన్న అమ్మమ్మనో, నాన్నగారినో తీసుకెళ్లాలనుకుంటున్నారా? వాళ్లు "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, చెప్పు జారినా తెలీట్లేదు" అంటుంటే ఈ పాఠం మీకోసమే.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికన్నా పొడవైన నరాలు కాలివేళ్ల దాకా వెళ్తాయి కాబట్టి తిమ్మిరి, మంట అక్కడే మొదలవుతాయి. బి12 లోపం వల్ల, మద్యం వల్ల కూడా రావచ్చు. అందుకే ముందు డాక్టర్‌కి చూపించండి.

స్పర్శ తగ్గితే ఏమవుతుంది? ఎండకు కాలిన బండల మీద ప్రదక్షిణ చేసి అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. ఘాట్ మెట్ల మీద అడుగు ఎక్కడ పడిందో తెలియక తూలిపోతారు.

వ్యాయామంతో పోయిన స్పర్శంతా తిరిగొస్తుందని చెప్పలేం. కానీ కాళ్లకు బలం వస్తుంది, తూలడం తగ్గుతుంది, షుగర్ అదుపుకీ సాయపడుతుంది. యాత్రకు కొన్ని వారాల ముందు నుంచే, డాక్టర్ సరేనన్నాక, రోజూ ఇలా చేయించండి:

1. కుర్చీలో కూర్చుని పాదాలను పైకి, కిందికి 10 సార్లు ఆడించాలి. తర్వాత గుండ్రంగా తిప్పాలి.
2. నేల మీద తువ్వాలు పరిచి, కాలివేళ్లతో దగ్గరకు లాగాలి.
3. గట్టి కుర్చీలోంచి మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవాలి. 5 సార్లు చాలు.
4. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించాలి, 10 సార్లు.
5. గోడ వదలకుండా ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడాలి.

చేస్తున్నంతసేపూ మీరు పక్కనే ఉండండి. లేవగానే కళ్లు తిరిగితే కూర్చోబెట్టండి. పాదానికి పుండు ఉంటే నిలబడి చేసేవి వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఇన్సులిన్ వాడేవారైతే పంచదారో, గ్లూకోజో దగ్గర పెట్టుకోండి.

దర్శనానికి ఎండ ముదరకముందే వెళ్లండి. మేజోళ్లకు అనుమతి ఉందేమో గుడిలో అడగండి. ఇంటికొచ్చాక పాదాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. నీళ్ల వేడి మాత్రం మీ చేత్తోనే చూడండి.

పెద్దల పాదాలకు దండం పెడతాం కదండీ. ఇకనుంచి రోజూ ఒకసారి అరికాలు కూడా చూద్దాం. చిన్న గాయాన్ని ఆరోజే పట్టుకుంటే అది పుండు దాకా వెళ్లకుండా ఆపొచ్చు.