ముందు టైరు, తర్వాతే లిఫ్టు

నవాబుపేట

అల్లుడూ,

కొత్త థార్‌కు మూడు అంగుళాల లిఫ్ట్ కిట్టు, 33 అంగుళాల టైర్లు వేయిస్తానని ఫోన్లో చెప్పావు. అడ్వాన్సు కట్టే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు బిడ్డా.

లిఫ్టు, టైరు రెండూ బండిని లేపుతాయి గానీ, లేపేది ఒకే చోట కాదు. లిఫ్టు స్ప్రింగుల మీదున్న బాడీని లేపుతుంది. వెనక ఆక్సిలు, దాని నడుమ ఉన్న డిఫరెన్షియల్ అంతకుముందు ఎంత ఎత్తులో ఉన్నాయో అంతే ఉంటాయి. మన బండ్ల బాటలో నడిమి గట్టుకు ముందు తగిలేది ఆ డిఫరెన్షియలే. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే.

లెక్క చూడు. నీ బండికి కంపెనీ ఇచ్చింది 255/65 ఆర్18. 255లో 65 శాతం చొప్పున పైనా కిందా కలిపి 332 మిల్లీమీటర్లు, రిమ్ము 457. మొత్తం 789, అంటే 31 అంగుళాలు. 33 అంగుళాల టైరు 838. ఇంత ఖర్చుకు ఆక్సిలు కింద నీకు దక్కేది ఒక్క అంగుళం. మీటరు 80 చూపిస్తుంటే బండి 85 మీద పోతుంటుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. తాండూరు బండల లారీల వెనక పోయేటప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

లిఫ్టు ఉంటే పెద్ద టైరు మడ్‌గార్డుకు తగలదనుకోకు. బండి నిలబడి ఉన్నప్పుడే ఆ సందు కనిపిస్తుంది. ఒర్రెలో దిగి స్ప్రింగు పూర్తిగా నొక్కుకుంటే చక్రం బంప్ స్టాప్ దాకా పైకి వస్తుంది. లిఫ్టు వేసినా, వేయకున్నా వచ్చేది అక్కడికే. పైగా థార్ ముందు చక్రాలకు సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది. ఎక్కువ లేపితే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా తిరిగి, వాటి రబ్బరు బూట్లు, జాయింట్లు తొందరగా అరుగుతాయి.

చట్టం కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేదీ ఇదే.

కాబట్టి ఇట్లా చెయ్యి. ఇప్పుడున్న సైజులోనే, పట్టీల మధ్య సందు ఎక్కువున్న మట్టి టైర్లు తీసుకో. స్టెప్నీ కూడా అదే ఉండాలి. తాండూరు వైపు నల్లరేగడి వానకు తడిస్తే టైరు పట్టీల్లో కూరుకుపోతుంది. అక్కడ బండిని బయటపడేసేది ఆ మట్టిని విదిలించే టైరే గానీ, బండి ఎత్తు కాదు. బురదలో గాలి కొంత తగ్గించు, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపు.

ఒక వానాకాలం అట్లా నడిపి, కింద ఎక్కడ గీసుకుందో పడుకుని చూడు. ఆక్సిలుకు గీతలుంటే టైరు సంగతి ఆలోచిద్దాం. బంపరుకో, బాడీ అడుగుకో ఉంటేనే లిఫ్టు మాట. ఏదైనా చట్టం ఒప్పుకునే మేరకే. ఎక్కడా లేకుంటే ఆ డబ్బు నీ దగ్గరే ఉంచుకో.

వచ్చే ఆదివారం బండి తీసుకుని రా. ఒక చక్రం కింద దిమ్మె పెట్టి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడ ఎంత సందుందో ఇద్దరం టేపుతో కొలుద్దాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ మేనమామ