సమాధి లేని మా ముత్తాత



వేసవి సెలవుల్లో మామ్మ, నాన్న, నేను కృష్ణదేవిపేట వెళ్ళాము. అక్కడ అల్లూరి సీతారామరాజు గారి సమాధి, గాం గంటం దొర గారి సమాధి ఉన్నాయి. సీతారామరాజు గారిని 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. గంటం దొర గారు ఆ తర్వాత నెలలో పోరాడుతూ చనిపోయారు.

పోరాటం ఎందుకు వచ్చింది? 1882 అడవి చట్టం వచ్చాక మనవాళ్ళని పోడు కొట్టనివ్వలేదు. రోడ్డు పనిలో కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించారు. అందుకే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకున్నారు. ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించింది. గంటం దొర గారి సోదరుడు మల్లు దొర గారిని అండమాన్ పంపారు. ఆయనే 1952లో పార్లమెంటు సభ్యుడయ్యారు.

మామ్మ రెండు సమాధుల మీదా పువ్వులు పెట్టింది. ఒక గుప్పెడు మిగిల్చి పక్కన నేల మీద పెట్టింది. ఎవరికి మామ్మా అని అడిగాను.

"మా తాతకే. ఆయన్నీ పట్టుకుపోయారు, మరి రాలేదు. ఎక్కడ పూడ్చారో మాకెవరూ చెప్పలేదు" అంది.

నాకు ఏడుపొచ్చింది. పాఠంలో ఆయన పేరు లేదు. నేను కూడా ఇన్నాళ్ళు అడగలేదు. ఆ రోజే ఆయన పేరు నోటుబుక్కులో రాసుకున్నాను.

మీరు కూడా ఇంటికెళ్తే ముసలివాళ్ళని అడగండి. వాళ్ళు పోతే పేర్లు కూడా పోతాయి. తెచ్చిన పేర్లన్నీ మన గోడపత్రికలో రాద్దాం.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని