పీతల పందెము

గుఱ్ఱపు పందెములను, ఎడ్ల పందెములను ఎఱుగనివారు అరుదు. కాని పీతలకు పరుగు పందెము పెట్టుదురన్నచో ఎవరికైనను నవ్వు రాకమానదు. ముందునకు నడువక ప్రక్కకు ప్రాకు ప్రాణి పందెమెట్లు గెలుచును? అయినను అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒక చిన్న పట్టణమున ఇట్టి పందెము చిరకాలముగా జరుగుచున్నది.

ఆ పట్టణము పేరు క్రిస్‌ఫీల్డ్. అది మేరీలండ్ రాష్ట్రమున చెసపీక్ అఖాతపు తీరమున నున్నది. 1947వ సంవత్సరమున అచ్చట మొదటి పందెము జరిగినది. అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారము కార్మిక దినము. ఆ సెలవు దినములలో ఈ యుత్సవము జరుపుట ఆచారము. అప్పుడు సోమర్స్ కోవ్ అను పడవల రేవు జనముతో క్రిక్కిఱిసియుండును.

ఏటవాలుగా నిలిపిన కొయ్యబల్లపై పీతలను విడుతురు. ముందుగా క్రింది అంచు చేరినదే విజేత. గవర్నరు కప్పు అను పందెములో ఒక్కొక్క పీత ఒక్కొక్క రాష్ట్రమునకు ప్రతినిధి. ఒక పీత చఱచఱ ప్రాకిపోవును. ఒకటి కదలక ముందుకాళ్లెత్తి ప్రక్కదానితో కయ్యమునకు దిగును. వేఱొకటి బయలుదేఱిన చోటికే మరలును. చూపరులు కేకలు వేసి ఎంత ప్రోత్సహించినను పీతలకు లెక్కలేదు. ఓడినవాని కోపమును ఆ నవ్వులలోనే కరగిపోవును.

పీతకు ఐదు జతల కాళ్లుండును. మొదటి జత పట్టుకారు వంటిది. నడుమనున్న మూడు జతలు నడకకు తోడ్పడును. వాని కీళ్లు ప్రక్కలకు వంగుటచే పీతకు ప్రక్కనడకయే సులభము. చెసపీక్ నీలిపీతకు చివరి జత తెడ్లవలె చదునుగా నుండును. అందుచే అది చక్కగా ఈదగలదు. నీటిలో వలె నేలపైనను అది మొప్పలతోనే శ్వాసించును. మొప్పల తడి ఆఱినచో దానికి ప్రాణాపాయము.

“పీత కష్టాలు పీతవి” అను సామెత యొకటి కలదు. పీత పెరుగును గాని దాని డిప్ప పెరుగదు. కనుక పాత డిప్పను అప్పుడప్పుడు విడువవలెను. క్రొత్త డిప్ప గట్టిపడువఱకు అది మెత్తని దేహముతో శత్రువులకు భయపడి నాచులో దాగియుండును. పందెమునకు వచ్చునవి గట్టి డిప్ప పీతలు.

ఈ వినోదము వెనుక ఆ ఊరి జీవనమున్నది. పీత మాంసము ఒలుచుటలోను, పడవను త్వరగా రేవున కట్టుటలోను అచ్చట పోటీలు జరుగును. ఇవి వారి నిత్యకృత్యములే. పూర్వము ఆ యూరు ఆల్చిప్పల వ్యాపారముచే వృద్ధి చెందినది. పట్టణపు నేలలో కొంతభాగము ఆ గుల్లలు పోసి మెఱక చేసినదే. మితిమీఱి పట్టుటచే ఆల్చిప్పలు తఱిగిపోయినవి. అటుపిమ్మట ప్రజలు పీతలను నమ్ముకొనిరి.

పీతలకును అదే గతి పట్టునను భయము కలిగినది. 2008లో మేరీలండ్, వర్జీనియా రాష్ట్రములు ఆడుపీతల వేటను 34 శాతము తగ్గింప నిశ్చయించినవి. జాలరులకు రాబడి తగ్గినను, గ్రుడ్లు పెట్టు పీత మిగిలిననే మరుసటి యేటికి పంట యుండునుగదా! పిమ్మట కొన్నియేండ్లు పీతలు పెరిగినవి. కాని 2022లో జరిపిన గణనలో 22 కోట్ల 70 లక్షల పీతలు మాత్రమే యున్నట్లు అంచనా వేసిరి. 1990 నుండి జరుగుచున్న గణనలలో అంత తక్కువ సంఖ్య అంతకుముందెన్నడును రాలేదు.

బల్లపై పరుగిడు పీతకు గెలుపోటములు తెలియవు. గట్టుపై నవ్వు జనులకు మాత్రము ఒక సత్యము తెలిసియుండవలెను. అఖాతమున పీత బ్రతికియున్నంతకాలమే రేవున పండుగ.